బొంతలెవరివి?

మన భాషలో బొంతకి ఉన్నంత అప్రతిష్ఠ ఇంకే వస్తువుకీ లేదనుకుంటాను. మొగుడూ పెళ్ళాం ఒకే తీరు మనుషులైతే "గంతకు తగ్గ బొంత" అంటారు. అది మెచ్చుకోలు కాదని అన్నవాళ్ళకీ తెలుసు, విన్నవాళ్ళకీ తెలుసు. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేస్తే మర్నాడు పేపర్లో "అతుకుల బొంత" అని పడుతుంది. నవల బాగాలేదని చెప్పదలచుకున్న విమర్శకుడు కూడా, కథ అతుకుల బొంతలా ఉందని ఒక ముక్క రాసి చేతులు దులుపుకుంటాడు. ఈ మాటలన్నవాళ్ళలో ఒక్కరైనా ఎప్పుడైనా సూదిలో దారం ఎక్కించి ఉంటారా అని నా అనుమానం. ఎక్కించినవాళ్ళకి తెలుసు, అతుకు సరిగ్గా పడకపోతే బొంత మొదటి ఉతుక్కే విడిపోతుందని. ఆర్నెల్లు నిలవని ప్రభుత్వానికీ, పది పేజీలు చదివించలేని నవలకీ బొంతతో పోలికేమిటి? అమ్మమ్మల నాటి బొంతలు ఇవాళ్టికీ నిక్షేపంలా నిలిచే ఉన్నాయి!

నిలిచి ఉండటమే ఇప్పుడొచ్చిన చిక్కు. ఏ మధ్యతరగతి ఇంట్లోనైనా అటక ఎక్కి చూడండి. బాక్సు మంచం మూత ఎత్తి చూడండి. కలరా ఉండల వాసనతో పాటు అయిదారు బొంతలు తప్పకుండా బయటపడతాయి. కొన్ని ఇళ్ళలో డజను దాటుతాయి. నాకు తెలిసిన ఒక ఇంట్లో ఇరవై రెండు లెక్క తేలాయి. ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురు మనుషులు! "ఇన్నిటినీ ఏం చేసుకోను పిన్నిగారూ? పారెయ్యడానికి చేతులు రావు, ఉంచుకోడానికి చోటు లేదు" అంది ఆ ఇంటి కోడలు. న్యాయమైన మాటే. కాని ఆ ప్రశ్న అడగవలసింది నన్ను కాదు. ఎవరిని అడగాలో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

అసలివి ఇన్నెలా పోగయ్యాయంటారా? పూర్వం ఇంట్లో ఆరుగురు పిల్లలుండేవాళ్ళు. వేసవి సెలవులొస్తే మేనత్తల పిల్లలూ, పిన్ని పిల్లలూ దిగేవాళ్ళు. డాబా మీద ఒక చివర నుంచి రెండో చివర దాకా పక్కలు పరిస్తే ఇంట్లో ఉన్న బొంతలన్నీ చాలేవి కావు. పెళ్ళయితే విడిది ఇంటికి ఊళ్ళో నలుగురిళ్ళ నుంచి బొంతలు ఎరువు తెచ్చుకునేవారు. మళ్ళీ ఎవరివి వాళ్ళకి చేర్చడానికి మూలన రంగుదారంతో గుర్తు కూడా ఉండేది. ఇప్పుడు రెండు పడకగదుల ఫ్లాటు. పెళ్ళివారికి హోటల్లో గదులు. ఎ.సి. కింద కప్పుకోడానికి ఆన్‌లైన్‌లో తెప్పించిన కంఫర్టరు. వాడకం తగ్గింది గాని ముడిసరుకు తగ్గలేదు. వెనకటి ఆడవాళ్ళు చీర చిరిగితే తీసేవారు. మనం విసుగు పుడితే తీసేస్తున్నాం. అలా తీసేసిన చీరలు, ఊరికే కూర్చోలేని ఒక పెద్దావిడ చేతికి చేరాక బొంతలు కాక మరేమవుతాయి?

వీటిని చూసి "పాత గుడ్డలే కదా" అనేవాళ్ళకి ఒక లెక్క చెబుతాను. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న మామూలు బొంత తీసుకోండి. అంగుళానికొక వరస చొప్పున నిలువుగా కుడితే నలభై ఎనిమిది వరసలు. ఒక్కొక్క వరస డెబ్భై రెండు అంగుళాలు. మొత్తం మీద 288 అడుగుల కుట్టు! అంగుళానికి మూడు కుట్లనుకున్నా పదివేల పైచిలుకు కుట్లు. నాలుగైదు పొరల్లోంచి సూది దింపి లాగాలి కనక గంటకి మూడొందల కుట్లు వేయడం గొప్ప. అలా వేసినా 35 గంటలు పడుతుంది. అంటే నాలుగు రోజుల పైచిలుకు పూర్తి పని. దీన్లో చీరలు ఉతికి ఆరేసుకోవడం, చిరుగుపట్టిన వాటిని మధ్య పొరల్లోకీ, గట్టిగా ఉన్నవాటిని పైకీ కిందకీ ఏరుకోవడం, నేల మీద ముడత లేకుండా పరిచి టాకాలు వేసుకోవడం ఇవేవీ కలపలేదు. నడుం నొప్పి అసలే కలపలేదు.

ఇంత పనినీ మనింట్లో ఏమంటాం? "మా అత్తగారికి కాలక్షేపం." ఆయనగారు పొద్దున్నే పేపరు తిరగేస్తే అది లోకజ్ఞానం. వాకింగ్‌కి వెళ్ళి పార్కులో రాజకీయాలు మాట్లాడుకుంటే అది ఆరోగ్యం. ఆవిడ నాలుగు రోజుల పని చేసి, ముప్ఫై ఏళ్ళు నిలిచే వస్తువు తయారుచేస్తే అది కాలక్షేపం! ఈ మాట ఎవరు కనిపెట్టారో గాని, పని చేసినవాళ్ళకి పేరు దక్కకుండా చేయడంలో దీన్ని మించింది లేదు.

సరే, ఇప్పుడు పోగుపడ్డ బొంతల్ని మనం ఏం చేస్తున్నామో చూద్దాం.

మొదటి రకం వాళ్ళు దాస్తారు. "అమ్మ చేత్తో కుట్టింది, వాడితే పాడైపోతుంది" అని పాలిథిన్ సంచిలో చుట్టి, పైన తాడు కట్టి, అటకెక్కిస్తారు. ఎంత ప్రేమో చూడండి! ఆ ప్రేమ మూడు వర్షాకాలాలు గడిచేసరికి బూజు పడుతుంది. నూలు గుడ్డకి గాలీ ఎండా కావాలి. గాలి చొరని సంచిలో తేమ చేరితే అది కుళ్ళడం ఖాయం. కలరా ఉండలు పురుగుల్ని ఆపుతాయేమో గాని బూజుని ఆపవు. వాడకపోతే నిలుస్తుందన్నది నగల విషయంలో నిజం కావచ్చు. బొంత విషయంలో మాత్రం తలకిందులు. వారానికోసారి ఎండలో పడి, నెలకోసారి ఉతుకు పడ్డ బొంతే ఎక్కువ కాలం బతుకుతుంది. పైగా, కుట్టినావిడ ఎందుకు కుట్టింది? మీరు కప్పుకుంటారని. కళ్ళెదుటే దాన్ని మూట కట్టి అటకెక్కిస్తే ఆవిడ ఏమనుకుంటుందో ఒక్కసారైనా ఆలోచించారా? వండిన కూర బావుందని మెచ్చుకుని, తినకుండా మూత పెట్టేసినట్టు కాదూ!

రెండో రకం వాళ్ళకి ఈ మొహమాటాలు లేవు. వీధిలో "పాతచీరలకి స్టీలు సామాన్లమ్మా" అన్న కేక వినబడగానే తలుపు తీస్తారు. రెండు బొంతలకి ఒక టిఫిను గిన్నె. బేరమాడితే పైన ఒక మూత. పదివేల కుట్లు వేసినావిడ పక్కగదిలోనే కూర్చుని ఈ బేరం వింటూ ఉంటుంది. తనకేమీ పట్టనట్టు పత్తిని వత్తులు చేసుకుంటూ ఉంటుంది. మన ఇళ్ళలో పెద్దావిడలకి బాగా అలవాటైన విద్య అదొక్కటే, పట్టనట్టు ఉండటం.

మూడో రకం వాళ్ళు డిసెంబరు నెలలో దాతలవుతారు. ఇంట్లో పనికిరానివన్నీ, అంచులు ఊడినవీ, మధ్యలో పొరలు జారి ఉండలు కట్టినవీ, పిల్లాడి మరక పోనివీ అన్నీ కారులో వేసుకుని వెళ్ళి, బస్టాండు దగ్గర పడుకున్నవాళ్ళ మీద కప్పి, ఫోటో తీయించుకుని, ఇంటికొచ్చి వేణ్ణీళ్ళతో స్నానం చేస్తారు. చలి నిజమైందే. ఆదిలాబాదు ప్రాంతంలో ఉష్ణోగ్రత అయిదు డిగ్రీల లోపుకి పడిపోయిన రాత్రులున్నాయి. అటు మన్యంలో లంబసింగి చలి చూడటానికైతే జనం కార్లేసుకుని మరీ వెళుతున్నారు. మనం చూసి ఫోటోలు తీసుకుని వచ్చే ఆ చలిలోనే అక్కడి పిల్లలు రోజూ పడుకుని లేస్తారు. వాళ్ళకి మంచి బొంత ఇస్తే అంతకన్న కావలసిందేముంది? మంచిది ఇవ్వమనే నేనూ అంటున్నది. మనకి పనికిరానిది వాళ్ళకి పనికొస్తుందనే లెక్కలోనే ఉంది అవమానం. ఢిల్లీలో 1999లో మొదలైన గూంజ్ అనే సంస్థ పాత బట్టల్ని "దానం" అన్న మాట లేకుండా, ఊరి పని చేసుకున్నవాళ్ళకి ప్రతిఫలంగా ఇచ్చే పద్ధతి పెట్టింది. దాని స్థాపకుడు అంశు గుప్తాకి 2015లో మెగసెసే అవార్డు వచ్చింది. బట్ట పాతదే అయినా, పుచ్చుకునేవాళ్ళు తలెత్తుకుని పుచ్చుకోవచ్చని ఆయన చూపించాడు. మనం మాత్రం ఇంకా కారు అద్దం దించి విసిరే దగ్గరే ఉన్నాం.

నాలుగో రకం వాళ్ళు ఆధునికులు. "అమ్మా, ఇంక కుట్టడం ఆపేయమ్మా, కళ్ళు పాడవుతాయి" అంటారు. కళ్ళ మీద ఎంత శ్రద్ధో! అదే అమ్మ రాత్రి పదకొండింటి దాకా టీవీ సీరియలు చూస్తే ఎవరూ కళ్ళ సంగతి ఎత్తరు. అసలు భయం కళ్ళ గురించి కాదు, అటక గురించి. ఇంకొకటి తయారైతే ఎక్కడ పెట్టాలి అన్నదే బాధ. ఉన్నమాట పైకి అనలేక ఆరోగ్యం పేరు చెప్పి, చేతిలో సూది లాక్కుంటున్నాం. ఆ సూది లేకపోతే ఆ చేతులు ఏం చేస్తాయి? ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాయి. నన్నడిగితే, కళ్ళకన్న ముందు పాడయ్యేది ఆ కూర్చున్న మనిషే.

అయిదో రకం కూడా ఉన్నారు. వీళ్ళకి బొంత అంటే చులకన, "కాంథా" అంటే గౌరవం. హస్తకళల ప్రదర్శనలో బెంగాలు దుప్పటి వేలు పోసి కొని, డ్రాయింగు రూములో సోఫా మీద అందరికీ కనబడేలా పరుస్తారు. ఆ కాంథా అన్నది మన సంస్కృతంలోని "కంథ" అన్న మాటే. భజగోవింద స్తోత్రంలో యోగి కప్పుకున్నదీ కంథే. బెంగాలు ఆడవాళ్ళు చేసిందీ మన అమ్మలు చేసిందే. పాతచీరలు పొరలుగా పరిచి, ఆ చీరల అంచుల్లోంచే దారాలు లాగి కుట్టారు. అక్కడ దాని మీద పువ్వులూ, పక్షులూ, పల్లకీలూ కుట్టే ఆనవాయితీ పెరిగింది. 2009లో అమెరికాలో ఫిలడెల్ఫియా మ్యూజియం వాళ్ళు కాంథాలతో ప్రదర్శన పెట్టారు. అదే దేశంలో, అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే చిన్న పల్లె ఉంది. అక్కడి నల్లజాతి స్త్రీలు చిరిగిన పని బట్టల ముక్కలతో, ఇంట్లో చలికి ఆగలేక కుట్టుకున్న బొంతలు 2002లో హ్యూస్టన్ మ్యూజియంలోనూ, ఆ వెనక న్యూయార్కులోని విట్నీ మ్యూజియంలోనూ గోడలకెక్కాయి. 2006లో ఆ దేశం వాటి బొమ్మలతో తపాలా బిళ్ళలు వేసింది. అలా గోడకెక్కితేనే గొప్పదని నేననను. గోడకి తగిలించిన బొంత ఎవరికీ వెచ్చదనం ఇవ్వదు. కాని ఒక్క సంగతి ఆలోచించండి. దూరదేశపు పేదరాలు కుట్టింది కళ అయినప్పుడు, మనింటి మూలగదిలో కూర్చున్నావిడ కుట్టింది ఒట్టి పాతగుడ్డ ఎలా అయింది?

ఈ అయిదు రకాల వాళ్ళూ ఒకరికొకరు పోలిక లేనట్టే కనిపిస్తారు. కాని అందరిలోనూ ఉన్న పొరపాటు ఒక్కటే. దాచినవాళ్ళు గాని, అమ్మినవాళ్ళు గాని, పంచినవాళ్ళు గాని, కుట్టొద్దన్నవాళ్ళు గాని, కుట్టినావిడని ఒక్క మాట అడగలేదు. బొంతలు తమవే అనుకున్నారు!

ఎవరివండీ ఆ బొంతలు?

చట్టం సంగతి చూడండి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం, స్త్రీ చేతిలో ఉన్న ఆస్తి మీద ఆమెకి సంపూర్ణ హక్కు ఇచ్చింది. 1986లో ఆంధ్రప్రదేశ్ తన సవరణతో ఆడపిల్లలకి పిత్రార్జితంలో వాటా కల్పించింది. 2005లో దేశమంతటికీ అలాంటి సవరణ వచ్చింది. సంతోషమే. కాని ఇప్పుడు డెబ్భై దాటిన ఆడవాళ్ళలో ఎందరి చేతుల్లో ఏముందో మీకు తెలియనిది కాదు. ఇల్లు ఆయన పేరున ఉంటుంది. ఆయన తర్వాత కొడుకు పేరునవుతుంది. బాంకి పుస్తకం కొడుకు బీరువాలో ఉంటుంది. పుట్టింటివారు పెట్టిన గొలుసు కూతురి పెళ్ళిలో కరిగింది, గాజులు మనవడి ఫీజుకి తాకట్టెళ్ళాయి. ఆవిడ తన చేత్తో చేసి, తన సొంతమని చెప్పుకోగలిగినవి ఈ బొంతలు. ఇంకెవరికైనా ఏదైనా ఇవ్వాలనిపిస్తే ఇవ్వడానికి ఆవిడ దగ్గరున్నవి ఇవే. ఆ ఇవ్వడం కూడా మనమే చేసేస్తే, ఆవిడకి మిగిలిందేమిటి?

ఇవ్వడం అనేది మనిషికి అన్నం లాంటిది. పుచ్చుకుంటూ పుచ్చుకుంటూ బతకవలసి వచ్చినప్పుడు అది మరీ అవసరమవుతుంది. మందులు కొడుకు తెస్తాడు. చీర కూతురు పెడుతుంది. కాఫీ కోడలు ఇస్తుంది. పొద్దున లేచింది మొదలు పుచ్చుకోవడమే. అటువంటి మనిషి, ఇంటికొచ్చిన మేనకోడలి చేతిలో ఒక బొంత పెట్టి "తీసుకోవే, చంటిదానికి పక్కలోకి పనికొస్తుంది" అన్న క్షణంలో ఇల్లాలవుతుంది. ఆ క్షణం కోసమే వాళ్ళు అవసరానికి మించి కుడుతున్నారని నా నమ్మకం. మనం అది గ్రహించక, "ఎందుకత్తయ్యా ఇన్ని" అని విసుక్కుంటున్నాం.

బెంగాలీ కవి జసీముద్దీన్ 1929లో అచ్చువేసిన కథాకావ్యం ఒకటి ఉంది, "నక్షీ కాంథార్ మాఠ్". అందులో దూరమైపోయిన భర్త కోసం ఎదురుచూస్తూ ఒక ఇల్లాలు తన కథంతా కాంథా మీద కుడుతుంది. తను పోయాక ఆ కాంథా తన సమాధి మీద కప్పమని తల్లికి చెబుతుంది. కథ సంగతి అలా ఉంచండి. తను కుట్టింది ఎక్కడికి చేరాలో తనే చెప్పింది, చెప్పింది జరిగింది. అంతపాటి హక్కు మనింట్లో లేదు. మనింట్లో జరిగేదేమిటంటే, పెద్దావిడ పోయిన పదకొండో రోజో పన్నెండో రోజో శయ్యాదానమని కొత్త మంచం, కొత్త పరుపు, కొత్త దుప్పటి బజారు నుంచి తెప్పించి ఇస్తారు. ఆవిడ కుట్టిన ఇరవై రెండు బొంతలూ ఆ పూట అటక మీదే ఉంటాయి. కర్మకాండ ముగిసి చుట్టాలు వెళ్ళగానే వాటిని దించుతారు. "అమ్మ గుర్తుగా నువ్వొకటి తీసుకో వదినా" అంటే "నాకెక్కడ చోటుంది, నువ్వే ఉంచుకో" అని ఆవిడ. అమెరికా నుంచి వచ్చిన కూతురికి రెండు సూట్‌కేసులు, ఒక్కొక్కటి 23 కిలోలు. ఆవకాయకి చోటుంటుంది, అప్పడాలకి చోటుంటుంది, రెండున్నర కిలోల బొంతకి ఉండదు. చివరికి ఎవరూ తీసుకోని వస్తువు ఎక్కడికి పోతుందో అక్కడికే పోతుంది.

అందుకని నేను చెప్పేది ఒక్కటే. బొంతలు పంచే పని కుట్టినావిడ చేతే చేయించండి, ఆవిడ ఉండగానే చేయించండి.

ఇదేమంత కష్టమైన పని కాదు. ఒక ఆదివారం పొద్దున్నే అన్నీ కిందికి దించండి. ఎండలో రెండువైపులా తిరగేసి ఆరబెట్టండి. బాల్కనీలో బట్టలు ఆరేయకూడదని మీ అపార్టుమెంటు సంఘంవారు నోటీసు పెట్టి ఉంటే, ఆ ఒక్కరోజుకీ నోటీసు మీదే ఒక బొంత ఆరేయండి! తర్వాత పెద్దావిడని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక్కొక్కటే విప్పి చూపించండి. ఏ చీర ఎవరిదో, ఎప్పటిదో ఆవిడ చెబుతుంది. ఇది పెద్దదాని పురిటికి కట్టుకున్న వెంకటగిరి, ఇది తమ్ముడు మొదటి జీతంతో తెచ్చిన మంగళగిరి, ఇది వరద వచ్చిన ఏడు కొన్నది... వినండి. ఏ ఆల్బంలోనూ లేని కుటుంబ చరిత్ర అది. ఆడవాళ్ళకి ఫోటో తీయించుకునే తీరిక లేని రోజుల్లో జరిగినవన్నీ ఆ గుడ్డల్లోనే ఉన్నాయి. చిన్న గుడ్డముక్క మీద ఆవిడ పేరూ, కుట్టిన ఏడూ రాసి మూలన కుట్టేయండి. చిత్రకారుడు బొమ్మ కింద సంతకం పెడితే లేని సిగ్గు మనకెందుకు?

ఆ తర్వాత అడగండి, "ఇది ఎవరికిద్దాం?" అని. ఆవిడ చెప్పిన పేరు మీకు నచ్చకపోవచ్చు. మీ ఆడపడుచుకి కాకుండా, మీ ఇంట్లో గిన్నెలు తోమే అమ్మాయికి అన్నిటికన్న మంచిది ఇవ్వమనవచ్చు. ఎప్పుడో పక్కవాటాలో ఉండి వెళ్ళిన వాళ్ళ పిల్లకివ్వమనవచ్చు. ఇవ్వనివ్వండి. ఆవిడ లెక్కలు ఆవిడవి. జ్వరమొచ్చినప్పుడు గంజి కాచి ఇచ్చింది ఎవరో మీకన్న ఆవిడకే బాగా తెలుసు. అమ్ముదామంటుందా, అదీ మంచిదే. డబ్బు మాత్రం ఆవిడ చేతిలో పెట్టండి. ఖర్చు లెక్క అడక్కండి.

తీసుకునేవాళ్ళని కూడా ముందే అడగండి. హాస్టలుకి ఇవ్వదలిస్తే అక్కడెంతమంది పిల్లలున్నారో, ఉతుక్కునే వసతి ఏముందో కనుక్కోండి. నలభైమంది ఉన్నచోట మూడు బొంతలు పడేస్తే పిల్లల మధ్య తగువు పెట్టినట్టే. బాలింత ఉన్న ఇంటికి చిన్న బొంతలు కుట్టివ్వండి. కొత్తబట్ట గరుకుగా ఉంటుందనేగా పురిటిబిడ్డని పాతచీర పొత్తిళ్ళలో పెట్టేది! ఎన్నో ఉతుకులు పడ్డ నేతచీర మెత్తదనం ఏ షాపులోనూ కొనలేరు. పైపొర చిరిగిన బొంతకి మరో చీరతో గలీబు వేస్తే ఇంకో పదేళ్ళు వస్తుంది. ఇక దేనికీ లొంగనిదైతే గుమ్మం ముందు పట్టాగానో, వాచ్‌మన్ పెంచుకునే కుక్కపిల్లకి పక్కగానో వెయ్యండి. అరిగిపోయి పోవడం బొంతకి అవమానం కాదు. పని చేసి చేసి పోయిందన్న మాట.

మీ ఇంట్లో ఉంచుకున్నవి మాత్రం వాడండి. ఉతకడం కష్టమంటారా? ఏడు కిలోల మెషిన్లో రెండున్నర కిలోల బొంత లక్షణంగా పడుతుంది. ఎండలో పూర్తిగా ఆరనివ్వండి, అంతే. చుట్టాలొస్తే బాగుండదంటారా? చుట్టాల ఇళ్ళలోనూ ఇవే ఉన్నాయి, వాళ్ళూ మీకు కనబడకుండా దాచిపెట్టారు. ఒకరు కట్టి విడిచిన చీరలు, మైల అంటారా? మగ్గం మీద నుంచి దిగి, వందసార్లు ఉతుకు పడి, వందసార్లు ఎండలో ఆరిన గుడ్డకి మైలేమిటి? బుద్ధుడి కాలంలో భిక్షువుల కాషాయం కూడా ముక్కలు కలిపి కుట్టిందే. మగధ దేశపు వరిమళ్ళ గట్లు చూపించి, ఆ తీరున కుట్టమని బుద్ధుడు చెబితే ఆనందుడు కుట్టాడని వినయపిటకం చెబుతుంది. అతుకుల బట్టని తక్కువ చూపు చూడటం మనకి తరవాత వచ్చిన నాగరికత.

ఇంకో మాట. ఈ సమృద్ధి ఎల్లకాలం ఉంటుందనుకోకండి. ఇవాళ మన బీరువాల్లో నిండుతున్నవి చాలావరకూ పాలియెస్టరు చీరలు. జారిపోతాయి, చెమట పీల్చవు, ఎన్ని ఉతుకులు పడ్డా మెత్తబడవు. వాటితో బొంత కుడితే అది బొంత కాదు, రెయిన్‌కోటు! మెత్తని నేతచీరలు కట్టిన తరమూ, వాటిని కుట్టే ఓపికున్న తరమూ ఒకటే. ఆ తరం మన కళ్ళముందే పల్చబడుతోంది. ఇవాళ "ఇన్ని బొంతలు ఏం చేసుకోను" అంటున్న మన పిల్లలే, రేపు ఒక్కటుంటే బాగుండునని ప్రదర్శనశాలల్లో వెతుక్కుంటారు. డబ్బుపెట్టి కొంటే బొంత దొరుకుతుందేమో. దాన్లో ఏ చీర ఎవరిదో చెప్పే మనిషి దొరకదు.

కుట్టినావిడ మీ ఇంట్లోనే ఉంది. గట్టిగా పిలిస్తే వినబడేంత దూరంలోనే ఉంది. అటక నిచ్చెన వేసుకునే ముందు ఆవిడ దగ్గరికి వెళ్ళి అడగండి.